పిల్లి వున్న ఇంట్లోకి కుక్క

మొన్న ఆదివారం మా తోడికోడలు ఫోను చేసింది. "అక్కా, ముప్ఫై ఏళ్ళు బళ్ళో చరిత్ర చెప్పావు గదా, నాకో సంగతి చెప్పు. పిల్లి వున్న ఇంట్లోకి కుక్కని తెచ్చుకోవచ్చా? తెచ్చుకుంటే ఎలాంటి కుక్కని తెచ్చుకోవాలి?" అంది.

"చరిత్రకీ దానికీ ఏమిటే సంబంధం? పశువుల డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న కదూ!" అన్నాను.

"అడిగాను. ఏ కుక్కయినా అలవాటు పడుతుందిలెండి అన్నాడు. నాకే నమ్మకం కుదరడం లేదు."

అసలు సంగతేమిటంటే, వాళ్ళింట్లో వున్న పిల్లి మామూలు పిల్లి కాదు. మా అత్తగారి పిల్లి. పేరు బుజ్జమ్మ. ఆవిడ చివరి రెండేళ్ళూ మంచం పట్టినప్పుడు ఆ మంచం వదిలి కదిలేది కాదు. ఇప్పుడు దానికి పదేళ్ళు దాటాయి. పిల్లుల లెక్కలో ముసలమ్మ కిందే జమ. అటు చూస్తే, ఏడో క్లాసులో ఫస్టు వస్తే కుక్కపిల్లని తెస్తానని మా మరిది కొడుక్కి మాటిచ్చాడు. వాడు నిజంగానే ఫస్టు వచ్చి కూర్చున్నాడు. కర్ణాటకలో వుద్యోగం చేస్తున్న స్నేహితుడెవరో ముధోల్ జాతి కుక్కపిల్లని ఊరికే ఇస్తానన్నాడట. ఊరికే వస్తుందంటే మా మరిదికి ఇంక నిద్ర పట్టదు.

"బుజ్జమ్మకేమన్నా అయిందంటే అత్తయ్య ఆత్మ ఘోషించదూ? పోనీ వద్దందామంటే పిల్లాడికిచ్చిన మాట," అని వాపోయింది మా తోడికోడలు.

రెండు రోజులు టైమడిగి ఫోను పెట్టేశాను. పెట్టేశాక ఒక ఇటుక గుర్తుకొచ్చింది.

సింధు నది లోయలో, ఇప్పటి పాకిస్తాన్‌లో చన్హుదారో అని ఒక చోటు వుంది. హరప్పా, మొహెంజోదారోల కాలం నాటి చిన్న పట్నం. 1935-36లో ఎర్నెస్ట్ మెకే అనే పురావస్తు పండితుడు అక్కడ తవ్వించినప్పుడు ఒక ఇటుక బయటపడింది. దాని మీద పిల్లి అడుగూ, ఆ అడుగు అంచు మీద పడ్డ కుక్క అడుగూ వున్నాయి. పచ్చి ఇటుకని ఎండలో ఆరబెట్టి ఎవరో అటు తిరిగారు. పిల్లి పరుగెత్తింది. దాని వెనకాల కుక్క పరుగెత్తింది. అడుగుల లోతుని బట్టి రెండూ మంచి వేగం మీద వున్నాయని మెకే తేల్చాడు. నాలుగు వేల ఏళ్ళు పైబడిన తగువు అది. ఇటుకలు చేసుకునేవాడు ఆ రెంటినీ ఎంతలా తిట్టుకున్నాడో మరి! పిల్లి దొరికిందా, గోడెక్కి బతికిపోయిందా అన్నది మాత్రం ఇటుక చెప్పదు.

ఆ తగువు ఎక్కణ్ణుంచి వచ్చిందీ అంటే, ఈ రెండూ మన ఇళ్ళలోకి వచ్చిన దారులే వేరు.

కుక్క ముందొచ్చింది. మనిషికి ఇల్లనేది లేనప్పుడే వచ్చింది. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్ళు కొట్టే కూలీలకి ఒక సమాధి కనిపించింది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్ళతో పాటు ఒక కుక్క. పద్నాలుగు వేల ఏళ్ళ పైనాటిది. ఆ కుక్క పళ్ళని శాస్త్రజ్ఞులు మళ్ళీ పరీక్షించి 2018లో ఒక సంగతి బయటపెట్టారు. పిల్లగా వుండగానే దానికి డిస్టెంపర్ అనే జబ్బు చేసింది. ఈనాటికీ కుక్కపిల్లల్ని పొట్టన పెట్టుకుంటున్న జబ్బే. అయినా అది కొన్ని వారాల పాటు బతికింది. ఎవరో కూచుని తాగించి, తినిపించి, తుడిచి, వెచ్చగా పడుకోబెడితే తప్ప అన్నాళ్ళు బతకడం సాధ్యం కాదంటారు. జబ్బుపడ్డ పిల్ల వేటకీ పనికిరాదు, కాపలాకీ పనికిరాదు. మరెందుకు సాకారూ అంటే, మన ఇళ్ళల్లో ఎందుకు సాకుతారో అందుకే కాబోలు.

పిల్లి తీరుగా వచ్చింది. మనిషి పంటలు పండించి, గింజలు నిలవ చేసుకుని, ఆ గింజల కోసం ఎలకలు చేరాక అప్పుడు వచ్చింది. సైప్రస్ ద్వీపంలో తొమ్మిదిన్నర వేల ఏళ్ళనాటి సమాధిలో మనిషి పక్కనే పడుకోబెట్టిన పిల్లి ఎముకలు దొరికాయని 2004లో ప్రకటించారు. ఆ ద్వీపంలో పిల్లులు సొంతంగా పుట్టినవి కావు. అంచేత ఎవరో పడవలో వెంటబెట్టుకుని వెళ్ళి వుండాలి. పిల్లిని పడవెక్కించడం ఎంత పనో, ఆటో ఎక్కించినవాళ్ళకి తెలుస్తుంది.

రెంటినీ ఒకే ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు ఈజిప్టువాళ్ళు. ఇంట్లో పిల్లి చచ్చిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకుంటారనీ, కుక్క చచ్చిపోతే తలతో సహా ఒళ్ళంతా గొరిగించుకుంటారనీ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అక్కడ కూడా కుక్కకే ఎక్కువ దుఃఖం. బుజ్జమ్మకి ఈ సంగతి చెప్పకూడదు.

మన ఇళ్ళల్లో లెక్క తిరగబడింది. పిల్లి వంటింట్లోకీ, కుక్క వీధరుగు దాకానూ. పిల్లి పాలు తాగిపోతుందని తిట్టుకుంటాం గానీ గడప దాటనివ్వం అనం. కుక్క మాత్రం ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా వెళ్ళింది గానీ, మా అమ్మమ్మగారి వంటింటి గుమ్మం తొక్కలేదు. ఇందులో మడి ఒక్కటే కాదు, భయం కూడా వుంది. పిచ్చికుక్క కరిస్తే మందు లేని రోజులు చాలాకాలం నడిచాయి. 1885లో పాశ్చర్ టీకా కనిపెట్టాడు. 1907లో నీలగిరుల్లో కూనూరులో దక్షిణాదివాళ్ళ కోసం పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఆ తరవాత కూడా బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లంటే పెద్దవాళ్ళు సైతం వణికిపోయేవారు. ఆ పాత రకం మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది, ఇప్పుడు చేతికి నాలుగైదు పొడుపులతో సరి. పిల్లికేమో అదృష్టం ఇంకోలా కలిసొచ్చింది. ప్లేగు రోజుల్లో, 1908లో, ఆండ్రూ బుకానన్ అనే ప్రభుత్వ డాక్టరు పిల్లులున్న ఇళ్ళకి ప్లేగు రాదని ఇంగ్లీషు వైద్య పత్రికలో ఏకంగా వ్యాసమే రాశాడు. పిల్లులకీ ప్లేగు సోకుతుందని తరవాత తేలిందనుకోండి. ఏమైతేనేం, అప్పటికే అది వంటింట్లో స్థిరపడిపోయింది.

ఇదంతా పాత పురాణం, కుక్క సంగతి చెప్పమంటారా? వస్తున్నా.

కుక్కల్ని చూసి మనం రంగు బాగుంది, చెవులు బాగున్నాయి అనుకుంటాం. పూర్వం వాటిని పెంచినవాళ్ళు చెవులు చూసి పెంచలేదు, పని చూసి పెంచారు. పనికొచ్చిన వాటికే జత కట్టించారు. వందల ఏళ్ళు అలా చేసేసరికి ఆ పని వాటి నరాల్లోకి ఎక్కింది. పిల్లి వున్న ఇంటివాళ్ళు కుక్కని చూసినప్పుడు, దీని తాతముత్తాతలు దేన్ని తరిమాయి అని అడగాలి. పెళ్ళి సంబంధానికి మూడు తరాలు చూడమన్నట్టే!

ముధోల్ కుక్కనే తీసుకోండి. బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఆటకూరు శాసనం అని ఒక రాయి వుంది. మా క్లాసు పిల్లలకి దీని గురించి చెబితే తక్కోలం యుద్ధం మరిచిపోయేవారు గానీ ఇది మరిచిపోయేవారు కాదు. 949 ప్రాంతాల రాష్ట్రకూటులకీ చోళులకీ తక్కోలం దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. రాష్ట్రకూటుల పక్షాన గంగరాజు బూతుగుడు గెలిచాడు. ఆయన కొలువులో మణలేరుడనే వీరుడున్నాడు. "నీకేం కావాలో కోరుకో" అన్నాడు రాజు. మనబోటివాళ్ళయితే ఊళ్ళడుగుతాం, బంగారమడుగుతాం. అతగాడు రాజుగారి వేటకుక్కని అడిగాడు. దాని పేరు కాళి. ఇచ్చాడు. తరవాత ఆ కుక్కని పెద్ద అడవిపంది మీదికి వదిలారు. రెండూ పోరాడి పోరాడి రెండూ చచ్చిపోయాయి. కుక్క పేరిట రాయి నిలబెట్టి, పోట్లాడుతున్నట్టు బొమ్మ చెక్కించి, దానికి పూజ జరగడానికి భూమి కూడా రాసిచ్చారు.

అదీ దక్కనులో వేటకుక్కకి వున్న పరువు. ముధోల్ కూడా ఆ కోవలోదే. సన్నటి నడుం, పొడుగు కాళ్ళు, కోలమొహం. వాసన పట్టి వెతకడం కాదు దీని పద్ధతి. కంటికి ఏదో కదిలినట్టు కనిపిస్తే చాలు, బాణంలా పోతుంది. కుందేళ్ళ మీదికి వదలడం కోసం తయారైన జాతి. తమిళదేశపు రాజపాళయం, చిప్పిపారై కూడా అలాంటివే. 2005లో మన తపాలా శాఖవాళ్ళు ముధోల్‌కీ, రాజపాళయానికీ స్టాంపులు వేసి గౌరవించారు. మంచి కుక్కలే, కాదనను. అయితే బుజ్జమ్మ హాల్లోంచి వంటింట్లోకి చెంగున దూకిందనుకోండి, దాని కంటికి అది పిల్లి కాదు, కుందేలు. ఆ క్షణంలో ఎవరు పిలిచినా దాని చెవికెక్కదు. అది దుర్మార్గం కాదు, దాని చదువు అది.

పోనీ చిన్న కుక్క అయితే ప్రమాదం లేదంటారా? అక్కడే పొరపాటు పడతాం. పాత గ్రామఫోను రికార్డుల మీద బూరాకి చెవొగ్గి కూచున్న బుల్లి కుక్క గుర్తుందా? దాని పేరు నిప్పర్. టెర్రియర్ జాతి పోలిక. వచ్చినవాళ్ళ పిక్కలు పట్టేదట, అందుకే ఆ పేరు. టెర్రియర్ అన్నమాటే లాటిన్‌లో భూమి అనే మాటలోంచి వచ్చింది. నేలలో కన్నాలు తవ్వి నక్కల్నీ ఎలకల్నీ పట్టడం దాని వృత్తి. 1823లో లండన్‌లో బిల్లీ అనే కుక్కని వంద ఎలకలున్న గోతిలోకి దింపారు. అయిదున్నర నిమిషాల్లో వందా చంపింది. జనం చుట్టూ నిలబడి పందాలు కాశారు. కుక్క పొట్టిదైనా దాని వెనక ఈ చరిత్ర వుంది. పొట్టి కాళ్ళ డాక్స్‌హుండ్ సంగతీ అంతే. బొరియలో దూరే జంతువుల కోసం జర్మనులు తయారు చేసిన కుక్క అది.

మన వీధుల్లో ఒకప్పుడు డాబా ఇల్లు కట్టగానే అల్సేషియన్ కావాలనేవారు. గేటుకి బోర్డు కూడా. 1899లో జర్మనీలో ఫాన్ స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి గొర్రెల కుక్కల్లోంచి ఎంచి ఈ జాతిని నిలబెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ పేరెత్తడం ఇష్టంలేక ఇంగ్లీషువాళ్ళు అల్సేషియన్ అని మార్చారు. గొర్రెల కాపరి కుక్క కాబట్టి పిల్లిని చంపాలని చూడకపోవచ్చు. కానీ చెదిరిపోతున్న దాన్ని ఒకచోటికి తోలడం దాని బుద్ధి. ముసలి పిల్లిని పొద్దస్తమానం మూల నించి మూలకి తోలుతూ వుంటే, ఆ పిల్లికి అన్నం సయిస్తుందా?

పిల్లి పక్షాన ఆలోచిస్తే రిట్రీవర్లు నయం. 1868లో స్కాట్లండులో ట్వీడ్‌మౌత్ ప్రభువు పచ్చటి రంగు మగకుక్కకీ, నీటి స్పానియల్‌కీ జత కట్టించి ఇప్పటి గోల్డెన్ రిట్రీవర్‌కి పునాది వేశాడు. యజమాని తుపాకీతో కొట్టిన పక్షిని పంటిగాటు పడకుండా నోట్లో పెట్టుకుని తెచ్చివ్వడం దీని పని. లాబ్రడార్‌కీ అదే కొలువు. తనకు తానుగా వెంటాడి చంపడం కాక, అయ్యగారు చెప్పేదాకా ఆగడం నేర్చిన కుక్కలు. అందుకే చాలామంది ఇళ్ళల్లో పిల్లులతో సర్దుకుపోతాయి. అయితే మన మే నెల ఎండల్లో ఆ బొచ్చు కుక్కని చూస్తే నాకు జాలేస్తుంది. అదీగాక, పిల్లగా వున్నప్పుడు దాని ఆటకి అంతుండదు. ముప్ఫై కిలోల ప్రేమ మీదపడితే బుజ్జమ్మ తట్టుకోలేదు.

కేవలం ఒళ్ళో కూచోడానికే పెరిగిన కుక్కలూ వున్నాయి. చైనా చక్రవర్తుల అంతఃపురంలో పెకినీస్ కుక్కలుండేవి. 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు పెకింగ్ దగ్గర వేసవి రాజమందిరాన్ని దోచి తగలబెట్టినప్పుడు అయిదు కుక్కలు చేతికి చిక్కాయి. వాటిలో ఒకదాన్ని విక్టోరియా రాణికి కానుకగా ఇచ్చారు. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? లూటీ! మన మాటే. దోచుకొచ్చిన కుక్కకి ఆ పేరు పెట్టడానికి సిగ్గేసినట్టు లేదు. అదే రాణి 1888లో ఇటలీ వెళ్ళి ఫ్లారెన్సులో మార్కో అనే పోమరేనియన్ని తెచ్చుకుంది. ఆవిడ మోజు వల్లే ఆ కుక్కలకి గిరాకీ పెరిగింది. మన వూళ్ళల్లో పామరేనియన్ అని పిలుచుకున్న తెల్లబొచ్చు కుక్క నిజానికి చాలావరకు ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన హమ్ ఆప్కే హై కౌన్ సినిమాలో కథ మలుపు తిప్పిన టఫీ ఆ జాతిదే. పిల్లికి దానివల్ల ప్రాణభయం తక్కువే. చెవులకి మాత్రం విశ్రాంతి వుండదు.

ఇలా జాతకాలన్నీ వేసుకున్నాక నాకే ఒక అనుమానం వచ్చింది. జాతి ఒక్కటే అంతా నిర్ణయిస్తుందా? 2022లో అమెరికా శాస్త్రజ్ఞులు పద్దెనిమిది వేల పైచిలుకు కుక్కల వివరాలు సేకరించి చూశారు. ఒక కుక్కకీ మరో కుక్కకీ నడవడిలో వుండే తేడాల్లో జాతి చెప్పగలిగింది 9 శాతమేనన్నారు. అంటే మూడు తరాలు చూడడం ఎంత అవసరమో, పెళ్ళికొడుకుని చూడడం అంతకంటె అవసరం.

మరి మిగతాది ఎక్కడ వుంది? చాలావరకు పెంపకంలో. చైనా శాస్త్రజ్ఞుడు జింగ్ యాంగ్ కువో 1930లో ఒక చిత్రమైన ప్రయోగం అచ్చువేశాడు. ఎలకల్ని చంపే తల్లుల దగ్గర పెరిగిన 21 పిల్లికూనల్లో 18 ఎలకల్ని చంపాయి. ఎలకతో పాటు ఒకే బోనులో పెరిగిన 18 కూనల్లో చంపినవి మూడే మూడు. పిల్లీ ఎలకల వైరమే అలా మెత్తబడితే కుక్కా పిల్లీ ఎంత? కుక్కపిల్లకి మూడో వారం నించి పన్నెండో వారం దాకా ఎవరితో పరిచయమైతే వాళ్ళు తనవాళ్ళవుతారని స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికన్లు ఏళ్ళ తరబడి పరిశీలించి 1965లో పుస్తకం రాశారు. 2008లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ యూనివర్సిటీవాళ్ళు కుక్కా పిల్లీ రెండూ వున్న ఇళ్ళు సుమారు రెండొందలు పరిశీలించారు. ఎక్కువ ఇళ్ళల్లో రెండూ సఖ్యంగానే వున్నాయి. పిల్లి ముందొచ్చి కుక్క తరవాత వచ్చిన చోట మరీ బాగా కుదిరిందట. బుజ్జమ్మకి ఆ సీనియారిటీ వుంది.

తగువులకి ఇంకో కారణం భాష. కుక్క తోక ఊపితే స్నేహం, పిల్లి తోక విసిరితే కోపం. ఒకళ్ళ నమస్కారం రెండోవాళ్ళకి తిట్టులా వినిపిస్తే ఏమవుతుంది!

రెండు రోజుల తరవాత ఫోను చేసి ఇవన్నీ చెప్పాను. "ముధోల్ వద్దు. చిన్నపిల్లా వద్దు, ముసలిదానికి దాని అల్లరి కష్టం. పిల్లుల మధ్య తిరిగిన, నెమ్మదైన, ఎదిగిన కుక్క దొరుకుతుందేమో చూడండి. వీధికుక్కయినా సరే, టీకాలన్నీ వేయించి తెచ్చుకోండి" అన్నాను. ఆఖర్న తెనాలి రామలింగడి పిల్లి కథ కూడా గుర్తు చేశాను. మొదటిసారే వేడిపాలకి మూతి కాలిన పిల్లి మళ్ళీ పాలగిన్నె చూస్తే పారిపోయిందా లేదా? మొదటి పరిచయం అలా జరిగిందంటే ఇంక సర్దడం కష్టం. అంచేత మొదటివారం కుక్క ఒక గదిలో, పిల్లి ఒక గదిలో. దాని గుడ్డ దీని దగ్గర, దీని గుడ్డ దాని దగ్గర వేసి వాసన అలవాటు చెయ్యాలి. ఆ తరవాత కుక్కని గొలుసుతో పట్టుకునే చూపించాలి. పిల్లి ఎక్కి కూచోడానికి ఎత్తయిన చోటు ఎప్పుడూ ఖాళీగా వుండాలి. అన్నాలు వేరు వేరు. ఒంటరిగా రెంటినీ వదిలి బజారుకి పోకూడదు, నెలయినా సరే, రెణ్ణెల్లయినా సరే.

వాళ్ళు ఊళ్ళో దిక్కులేని జంతువుల్ని సాకే చోటికి వెళ్ళారు. అక్కడ కుక్కలూ పిల్లులూ ఒకే పెరట్లో తిరుగుతాయట. మూడేళ్ళ ఆడకుక్క ఒకటి, నల్లది, ఎడం చెవి కొంచెం చిరిగింది, నీడన పడుకుని వుంది. దాని మూతి ముందు నించే ఒక పిల్లి నడిచిపోయింది. అది ఒకసారి కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకుందట. మా తోడికోడలు అక్కడికక్కడే ఖాయం చేసేసింది. పిల్లాడు మాత్రం రెండ్రోజులు అలిగాడు. "దీనికి జాతే లేదు" అని. ఫోనులో వాడికి ఆటకూరు కథ చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాను. తమిళదేశంలో ఎడుత్తనూరు అనే పల్లెలో ఏడో శతాబ్దపు వీరగల్లు మీద యజమానితో పాటు అతని కుక్క బొమ్మ కూడా వుంది. దొంగల్ని కరిచిన ఆ కుక్క పేరు కోవివన్ అని కూడా చెక్కారు. దాని జాతేమిటో మాత్రం ఎవరూ చెక్కలేదు. వాడు కాసేపు ఆలోచించి, "అయితే దీన్ని కాళి అంటాను పెద్దమ్మా, నల్లగా కూడా వుంది" అన్నాడు.

ఇది జరిగి మూడు వారాలయింది. బుజ్జమ్మ అన్నాళ్ళూ ఫ్రిజ్ మీదే కాపరం. అన్నం, నీళ్ళు అన్నీ పైకే.

నిన్న రాత్రి ఫోనొచ్చింది. "అక్కా, ఇవాళ బుజ్జమ్మ కిందికి దిగింది. తిన్నగా కాళి దగ్గరికెళ్ళి వాసన చూసింది."

"ఆఁ, తరవాత?"

"ఇదేమో సంతోషం పట్టలేక తోక ఊపింది. అదేమో కోపమొచ్చిందనుకుని మళ్ళీ ఫ్రిజ్ ఎక్కేసింది."